ఎముక విరిగినపుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ సభలలో గ్రంథములను గూర్చియు, విద్యావ్యాప్తిని గూర్చియు ఉపన్యసించుట పరిపాటి. మీ కార్యదర్శిగారు నాపై ఆ భారము పెట్టలేదు. "మా యూరిలో ఏటేట తాటిచెట్టు మీదినుండి పడువారు కొందరు, మోటారు సైకిలు మీదినుండి పడువారు అంతకు మించి యున్నారు. పడినవానిని ఎవరికి తోచినట్లు వారు లేవనెత్తుదురు, ఎవరికి తోచినట్లు వారు కట్టుదురు. మీరు ఎముకల వైద్యులు గనుక ఆ సంగతి చెప్పుడు" అని వ్రాసిరి. ఇంతకన్న మంచి విషయము నాకును తోచలేదు. పుస్తకములు చదువు ఊరిలో ఇట్టి మాట చెప్పుట సులభము కూడ; ఒకరు విని పదిమందికి చెప్పెదరు.

నా యొద్దకు వచ్చు రోగి సామాన్యముగ అడుగు ప్రశ్న, "డాక్టరుగారూ, మీరు ఎముక అతికించెదరా?" అని. అతికించువాడను నేను కాను. కట్లు కట్టువారును కారు. ఎముకను అతికించునది ఎముకయే. విరిగిన ముక్కలను సరియైన చోట కూర్చి, అతుకు పని ముగియువరకు కదలకుండ పట్టి యుంచుట మాత్రమే మా పని. ఈ పట్టి యుంచుట చూచుటకు చిన్న పనియే గాని, కాలు చేతులు పోవుట తరచుగ ఇక్కడనే జరుగుచున్నది. ముఖ్యముగ దానిని గూర్చి చెప్పవలెననియే వచ్చితిని. అయినను ఎముక యెట్టిదో తెలియనిదే కట్టు సంగతి బోధపడదు గనుక దానితో ఆరంభించెదను.

మనము ఎముకను ఇంటి దూలమువంటిదని తలచెదము. చచ్చిన ఎముకను చూచుటచే కలిగిన భావమిది. బ్రదికియున్న ఎముకలో నెత్తురు పారుచుండును. దాని పైపొరలో నరములు గలవు గనుకనే విరిగినపుడు అంత బాధ. లోపలి మూలుగలో క్షణక్షణము లక్షలకొలది ఎఱ్ఱ రక్తకణములు పుట్టుచుండును. పుట్టిన శిశువునకు సుమారు 300 ఎముకలుండి, పెరుగుచున్నకొలది కొన్ని ఒకదానితో నొకటి కలిసిపోయి, పెద్దవానికి 206 మిగులును. సుశ్రుతుడు పెద్దవానికే 300 అని లెక్కించెను. ఆయన దంతములను, మృదులాస్థులను కూడ ఎముకలలో చేర్చినందున ఆ లెక్క వచ్చినదేగాని తప్పు లెక్క కాదు.

ఇంటికి పోయి పిల్లలచేత ఒక పరీక్ష చేయింపుడు. రెండు కోడికాలి ఎముకలు తీసికొని, ఒకదానిని వెనిగరులో వారము దినములు నానవేయుడు. అది రబ్బరువలె వంగును. రెండవదానిని నిప్పులలో బాగుగ కాల్చుడు. రూపము చెడదు గాని వ్రేలితో నొక్కినచో పొడియగును. మొదటిదానిలో సున్నపు పాలు కరగిపోయి నారవంటి పదార్థము మిగిలినది. రెండవదానిలో నార కాలిపోయి సున్నపు పాలు మిగిలినది. మన పెద్దలు మట్టిగోడ పెట్టునపుడు మట్టిలో వరిగడ్డి వేసి త్రొక్కించెడివారు. ఒట్టి మట్టి బీటలు వారును, ఒట్టి గడ్డి నిలువదు. ఎముకయు అట్లే రెండింటి కలయిక. దాని బరువులో సుమారు మూడింట రెండు పాళ్లు ఖనిజము.

మట్టిగోడకును దీనికిని ఒక గొప్ప భేదము కలదు. గోడను ఒకసారి పెట్టి విడిచెదము. ఎముకలో త్రవ్వు కణములు కొన్ని, కట్టు కణములు కొన్ని రాత్రింబవళ్లు పని చేయుచునే యుండును. పెద్దవారి ఎముకలలో ఏటికి సుమారు పదవవంతు ఈ విధముగ పాతది పోయి క్రొత్తది వచ్చును. బరువు పడుచోట దట్టముగను, పడనిచోట పలుచగను ఈ కట్టడము సాగునని బెర్లిను నగరమున జూలియస్ వోల్ఫ్ అను వైద్యుడు 1892లో గ్రంథము వ్రాసెను. రోదసిలో బరువు తెలియక నెలలతరబడి యుండువారి తుంటి ఎముకలు, తగిన వ్యాయామము లేకున్న, నెలకు నూటికి ఒక పాలు చొప్పున పలుచబడునని నేడు కొలతలు వేసి చెప్పుచున్నారు. రోదసి వరకు పోనక్కరలేదు. మంచము పట్టిన మీ ఇంటి ముసలివారికి జరుగునదియు ఇదియే.

శరీరమునందలి కాల్షియములో నూటికి 99 పాళ్లు ఎముకలలోనే యుండును. రక్తమునకు కావలసినది కొంచెము; కాని ఆ కొంచెము తగ్గినచో గుండె, కండరములు పని చేయవు. అందుచే తిండిలో రానినాడు రక్తము ఎముకల గాదెనుండి తీసికొనును. పోయుట లేక తీయుటయే యున్నచో ఏ గాదె యెన్నాళ్లు నిలుచును? వరియన్నము నాగరకమని తలచి రాగిసంగటిని చిన్నచూపు చూచితిమి గాని, నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. వరిలో ఉన్నది లెక్కకు రాదు. ఆ కాల్షియము పేగులనుండి రక్తమునకు చేరుటకు డి విటమిను కావలయును. దానిని మన చర్మము ఎండలో తయారు చేసికొనును. అది చాలని పిల్లల కాళ్లు దొడ్డికాళ్లగును.

నీటిని గూర్చియు ఒక మాట చెప్పవలయును. ఇది మన తెలుగు నేల దుఃఖము. నాటి నెల్లూరు జిల్లాలోని పల్లెలలో, నడివయసు రాకముందే నడుము కొయ్యబారి వంగిపోవుచున్న మనుష్యులను పరీక్షించి, బావినీటిలోని ఫ్లోరైడు దీనికి కారణమని 1937లో వైద్యులు ప్రకటించిరి. తరువాత నల్లగొండ ప్రాంతమున ఈ వ్యాధి యెంత కష్టము తెచ్చినదో మీరెరుగుదురు. లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు చేరిన నీరు ఏండ్లతరబడి త్రాగరాదు. ఇందు వింత యేమనగా, అట్టివారి ఎముక ఎక్స్‌రేలో మామూలుకన్న దట్టముగ, తెల్లగ కనబడును. చూచినవాడు గట్టి ఎముక అనుకొనును. దాని బరువు పెరిగినదేగాని బలము పెరుగలేదు, పెళుసుగ విరుగును. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు, ఇంకను చిక్కబడును. ఈ సంగతి తెలియక కాచి చల్లార్చి త్రాగి ధైర్యముగ నున్నవారిని నేను చూచితిని.

ఇక విరిగినపుడు ఏమి జరుగునో వినుడు. విరిగినచోట రక్తనాళములు తెగి నెత్తురు చేరి గడ్డకట్టును. ఆ గడ్డ చెడురక్తమని తలచి నూనె మర్దించి కరగింప చూచువారు కలరు. అది చెడురక్తము కాదు, క్రొత్త ఎముకకు పునాది. కొలది దినములలో దానిలోనికి సన్నని రక్తనాళములు ప్రాకును. రెండు మూడు వారములకు ముక్కల నడుమ మెత్తని మృదులాస్థి యేర్పడును. పిదప దానిలో సున్నము చేరి గట్టిపడి, చెరకు కణుపువలె ఉబ్బి, ముక్కలను పట్టుకొనును. ఆ తరువాత నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు, త్రవ్వు కణములును కట్టు కణములును కలిసి ఆ కణుపును చెక్కి మునుపటి రూపునకు తెచ్చును. చర్మము తెగినచో మచ్చ మిగులును. ఎముక మానినచో, అన్నియు సరిగ జరిగిన, మచ్చ కూడ మిగులదు. శరీరములో ఇట్టి శక్తిగల భాగములు మిక్కిలి తక్కువ.

ఈ పనికి పట్టు కాలము వయసును బట్టియు ఎముకను బట్టియు మారును. పసివాని తొడ ఎముక నాలుగు నుండి ఆరు వారములలో అతుకును. పెద్దవానికి అదే ఎముకకు మూడు నాలుగు నెలలు కావలయును. మణికట్టునకు సుమారు ఆరు వారములు. సుశ్రుతుడు బాల్యమున ఒక నెల, నడివయసున రెండు, వార్ధక్యమున మూడు నెలలు అని చెప్పెను. ఎక్స్‌రే లేని కాలమున చేతితో తడవి, కంటితో చూచి చెప్పిన లెక్క అది. నేటికిని నేను రోగులకు దాదాపు అట్లే చెప్పుచున్నాను. చుట్ట, బీడీ త్రాగువారికి అతుకుట ఆలస్యమగును. పొగలోని నికోటిను సన్నని నాళములను బిగియించి క్రొత్త ఎముకకు నెత్తురు అందనీయదు. పుండు మానుటకు పథ్యము చేయుదురు గాని ఎముక అతుకుటకు చుట్ట మానువానిని చూచుట అరుదు. నల్లేరును గూర్చి తప్పక అడిగెదరని తెలియును. దానికి అస్థిసంహారి యని పేరు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1960 ప్రాంతములలో జంతువులపై పరీక్షలు జరిపి, అతుకుట కొంత త్వరపడినట్లు ప్రకటించిరి. నల్లేరు పచ్చడి తినుడు, నాకు అభ్యంతరము లేదు. కాని వంకరగ నున్న ఎముకకు నల్లేరు తినిపించినచో అది వంకరగనే త్వరగ అతుకును.

మర్దనను గూర్చి మరల చెప్పుచున్నాను. ముఖ్యముగ మోచేయి. మోచేతి దెబ్బను నూనెతో బలముగ తోమినచో చితికిన కండలోపల క్రొత్తగ ఎముక పుట్టి, చేయి వంగక, చాచబడక నిలిచిపోవును. దెబ్బకన్న వైద్యమే ఎక్కువ చెరుపు చేయుట యనిన ఇదియే.

పట్టి యుంచు పనికి వచ్చెదను. సుశ్రుతసంహితలో ఎముక విరుగుటను పండ్రెండు విధములుగను, కీలు తప్పుటను ఆరు విధములుగను విభజించిరి. పిల్లల ఎముక పచ్చికొమ్మవలె పూర్తిగ విరుగక వంగుటను కూడ వక్రమను పేరుతో వేరుగ గుర్తించిరి. మేడి, రావి, మఱ్ఱి, మద్ది మొదలగు చెట్ల పట్టలను, వెదురును బద్దలుగ వాడుమనిరి. ఇవన్నియు ఒక యెత్తు, కట్టును గూర్చి చెప్పినది ఒక యెత్తు. కట్టు వదులైనచో కీలు నిలువదు. మిక్కిలి బిగిసినచో వాపు, నొప్పి, చీము కలుగును. నడిమి బిగువే మంచిది. అంతటితో ఆగక, చలికాలమున ఏడు దినములకు, ఎండకాలమున మూడు దినములకు, నడిమి ఋతువులలో ఐదు దినములకు కట్టు విప్పి మరల కట్టుమని నియమము పెట్టిరి. విప్పి చూచుట వైద్యములో ఒక భాగమని రెండువేల యేండ్లనాటి వారికి తెలియును. నేడు కట్టు కట్టించుకొని, నెలన్నర వరకు దానివైపు చూడనివారు మనలో నున్నారు.

మన ప్రాంతమున కట్టువైద్యులకు గల పేరు చిన్నది కాదు. తిరుపతినుండి చెన్నపట్టణము పోవు త్రోవలోని పుత్తూరు కట్టు మాట వినని తెలుగువాడుండడు. ఆ సమీప గ్రామమున ఒక కుటుంబమువారు తరతరములుగ ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ వీనితో కట్లు కట్టుచున్నారు. చర్మము తెగక, ముక్కలు జరుగక విరిగిన ఎముకకు అనుభవముగల చేయి కట్టిన బద్దల కట్టు పని చేయునని ఒప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. అటువంటి చేతులను ఎగతాళి చేయుట మా వైద్యులకు తగదు; మా శాస్త్రమే కొంతవరకు అట్టి ఇంటినుండి వచ్చినది. ఆ కథ చెప్పెదను.

వేల్సు దేశమున ఆంగ్లసీ యను ద్వీపమున ఎముకలు కట్టు వంశము ఒకటి యుండెను. ఆ వంశమువాడైన ఇవాన్ థామస్ పందొమ్మిదవ శతాబ్దమున లివర్‌పూలు రేవునకు వచ్చి కట్లు కట్టుచు పేరుపడెను. పట్టము లేనివాడని అక్కడి వైద్యులు ఆయనపై వ్యాజ్యములు తెచ్చిరి. ఆయన వారితో కలహించుచు కాలము గడుపక, తన ఐదుగురు కుమారులను వైద్యము చదివించెను. పెద్దవాడైన హ్యూ ఓవెన్ థామస్ 1857లో పట్టము పొంది, లివర్‌పూలు రేవు కూలీల కాళ్లు చేతులు బాగుచేయుచు, ఆదివారములు బీదలకు ఉచితముగ చూచుచు 1891లో మరణించెను. తొడ ఎముకకు, మోకాలికి ఆయన చేసిన ఇనుపకడ్డీల చట్రము చూచుటకు ఏమంత గొప్పది కాదు: పైన తోలు చుట్టిన ఒక వలయము, ఇరుప్రక్కల రెండు కడ్డీలు, అంతే. ఆయన బ్రదికియుండగ దానిని పట్టించుకొన్నవారు తక్కువ. మొదటి ప్రపంచయుద్ధమున తొడ ఎముక గుండు దెబ్బకు విరిగిన సైనికులు నూటికి 80 వరకు చనిపోవుచుండిరి. థామస్ భార్యకు మేనల్లుడును, ఆయన శిష్యుడును అయిన రాబర్ట్ జోన్స్ పట్టుదలచే ఆ చట్రమును యుద్ధభూమిలోనే కట్టి పంపుట మొదలిడిన పిమ్మట, యుద్ధము ముగియునాటికి ఆ చావులు నూటికి 20కి లోపు దిగినట్లు నాటి లెక్కలు. చట్రము చేసినదేమి? త్రోవలో ఎముక కొనలు కదలి కండను, నాళములను కోయకుండ ఆపినది. చచ్చినవారిలో ఎక్కువమంది విరిగినందుకు కాక, కదలించినందుకు చచ్చిరన్నమాట.

పిండికట్టు, లేక సిమెంటు కట్టు, అని మనము పిలుచునది డచ్చి సైన్యములోని మథైసెన్ అను వైద్యుడు 1852లో ప్రకటించినది. గుడ్డపట్టీకి జిప్సము పిండి పట్టించి, నీట ముంచి చుట్టగ నిమిషములలో రాయి యగును. 1895 నవంబరులో రంట్‌జన్ ఎక్స్‌రే కిరణములు కనుగొనినది మొదలు విరిగినచోటు ఊహింపవలసిన పని తప్పినది. చర్మము తెగి ఎముక బయటపడిన గాయములు అంతకు ముందు కాలు తీసివేయుటతోనో, ప్రాణము పోవుటతోనో తరచుగ ముగిసెడివి. 1865 ఆగస్టు 12వ తేదీన గ్లాస్గో నగరమున బండిచక్రము కాలిమీదుగ పోయిన పదునొకండేండ్ల బాలుని గాయమునకు జోసఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లము తడిపిన గుడ్డ కట్టెను. గాయము చీము పట్టలేదు; ఆరు వారములకు ఎముక అతికెను. నేటి శస్త్రచికిత్స అంతయు ఆ బాలుని కాలిపై నిలిచియున్నది. అందుచే చర్మము తెగి ఎముక విరిగినచో, తెగినది చిన్న రంధ్రమైనను, పసరు గాని, పసుపు గాని, పేడ గాని పెట్టక, శుభ్రమైన గుడ్డ కప్పి, ఆ పూటనే శస్త్రవైద్యుని యొద్దకు చేర్పవలయును. ఇది కట్టువైద్యుని పని కాదు.

మూలుగ నాళములో ఉక్కుకడ్డీ దించి తొడ ఎముకను నిలుపు పద్ధతిని జర్మనీలో కుంట్షర్ 1939లో ఆరంభించెను. మూడు నెలలు బరువు కట్టి మంచమున పరుండవలసిన రోగి ఇప్పుడు కొలది దినములలో చేతికఱ్ఱలతో లేచుచున్నాడు. సైబీరియాలోని కుర్గాను పట్టణమున ఇలిజరోవ్ అను ఆయన ఎముక చుట్టు ఇనుపవలయములు బిగించి, కోసిన ఎముకను దినమునకు 1 మిల్లీమీటరు చొప్పున ఎడము చేయుచు పోయినచో నడుమ క్రొత్త ఎముక పుట్టునని చూపెను. ఎముకకు మానుశక్తి యేపాటిదో దీనివలన తెలియును. ఈ పద్ధతులను విస్తరించి చెప్పుటకు ఇది తావు కాదు.

ఇప్పుడు నేను వచ్చిన పని. జామచెట్టు మీదినుండి ఏడెనిమిదేండ్ల పిల్లవాడు చేయి ఆనించి పడును. మోచేతికి కొంచెము పైన ఎముక విరుగును. ఆ చోటనే చేతికి నెత్తురు తెచ్చు నాళము, నరములు పోవుచున్నవి. గంటగంటకు వాపు పెరుగును. పెరుగుచున్న వాపుమీద పెరుగని కట్టు పడినదనుకొనుడు. లోపలి ఒత్తిడి హెచ్చి, ముంజేతి కండలకు నెత్తురు నిలిచిపోవును. విరిగిన ఎముక వారము దినములు ఓపిక పట్టగలదు. నెత్తురు లేని కండ ఆరు గంటలు కూడ పట్టలేదు, అది చచ్చును. చచ్చిన కండ నారయై ముడుచుకొని, వ్రేళ్లు గ్రద్దగోళ్లవలె వంగి శాశ్వతముగ నిలుచును. జర్మను వైద్యుడు వోల్క్‌మన్ 1881లో దీనిని వర్ణించి, బిగువు కట్లు కారణమని చెప్పెను. నూటనలుబదియేండ్లు దాటినవి. అట్టి చేయి గల బాలుని నేను క్రిందటి ఏడు కూడ చూచితిని. నాలుగు దినములు వాడు రాత్రులు ఏడ్చుచుండగా, "కట్టన్నాక నొప్పి యుండదా" అని పెద్దలు ఊరడించిరట. ఎముక చక్కగ అతికినది. చేయి మాత్రము పలక పట్టుటకు పనికిరాలేదు.

ఇది నాటుకట్టు దోషమని మీరనుకొందురేమో. ఒక పట్టణపు ఆసుపత్రిలో వేసిన పిండికట్టుతో కూలిపని చేయు నడివయసువాడు మూడవనాడు నా యొద్దకు వచ్చెను. కాలివ్రేళ్లు నల్లబడి యుండెను. ఆరు వారముల తరువాత రమ్మని అతనికి చీటీ ఇచ్చిరి. అంతలోపల ఏమి చూచుకొనవలెనో ఒక్క మాట చెప్పలేదు. అతని కాలు మోకాలి క్రిందుగ తీయవలసి వచ్చినది. వెదురుబద్దకు గాని, జిప్సముపిండికి గాని పాపము లేదు. కట్టినవాడు చెప్పలేదు, కట్టించుకొన్నవానికి తెలియదు. కోపము వచ్చుటకు ఇంతకు మించిన కారణము వైద్యవృత్తిలో నాకు కనబడలేదు.

కావున ఎవరిచేత కట్టించుకొన్నను మొదటి రెండు రాత్రులు ఇంటిలో ఒకరు మేలుకొనియుండుడు. కట్టిన కాలిని గాని చేతిని గాని దిండ్లపై గుండెకన్న ఎత్తుగ నుంచుడు. వ్రేళ్ల కొనలు కట్టు బయట కనబడవలయును. కనబడకుండ కట్టినచో అప్పుడే అడుగుడు. ఎముకను సరిచేసి కట్టిన తరువాత నొప్పి గంటగంటకు తగ్గవలయును. తగ్గక పెరుగుచున్నదా, మీరు రోగి వ్రేళ్లను మెల్లగ చాచినపుడు కేక పెట్టుచున్నాడా, అదియే మొదటి ఘంట. తరువాత తిమ్మిరి, వ్రేళ్లు చల్లబడుట, పాలిపోవుట, గోరు నొక్కి విడిచిన వెంటనే ఎఱుపు తిరిగి రాకుండుట. నాడి దొరకుచున్నదని ధైర్యపడకుడు. లోపల కండ చచ్చుచున్నను పైన నాడి కొట్టుచునే యుండవచ్చును. నొప్పి తెలియకుండుటకు మాత్రలు ఇచ్చి పరుండబెట్టకుడు. అది గుడ్డకట్టైనచో అడుగున నున్న దూది వరకు, చర్మము కనబడునంత వరకు కత్తిరింపుడు. పిండికట్టైనచో ఆ రాత్రియే బయలుదేరుడు, తెల్లవారనిండని కూర్చుండకుడు. కట్టినవారు ఏమందురో అను మొగమాటము వలదు. విప్పిన కట్టును రేపు మరల కట్టవచ్చును.

ముసలివారి సంగతి వేరు. స్నానాలగదిలో జారి పడిన అవ్వ తుంటివద్ద విరిగి లేవలేకున్నచో, "ఈ వయసులో ఆపరేషను ఎందుకు, మంచముమీద ప్రశాంతముగ నుండనిండు" అని బంధువులందురు. వారి ప్రేమను నేను శంకింపను. కాని ఆ మంచము ప్రశాంతత కాదు. వీపున పుండ్లు, ఊపిరితిత్తులలో చేరు కఫము, కాలినాళములలో గడ్డకట్టు నెత్తురు, ఇవి ఆమెను తీసికొనిపోవును. తొడ ఎముక మెడ విరిగినచో దాని తలకు నెత్తురు చేర్చు సన్నని నాళములు తెగుట చేత అది తరచుగ అతుకదు; లోహపు తల అమర్చుట మేలు. ఆపరేషను చేయునది పడుచుదనము తెచ్చుటకు కాదు, ఒకటి రెండు దినములలో ఆమెను కూర్చుండబెట్టుటకు. వయసు ఎక్కువైనకొలది ఆలస్యము పనికిరాదు.

పడినవానిని కదలించుటను గూర్చి చెప్పి ముగించెదను. 1756లో లండను వీధిలో పెర్సివాల్ పాట్ అను శస్త్రవైద్యుడు గుఱ్ఱము పైనుండి పడగా కాలి ఎముక విరిగి చర్మము చీల్చుకొని వచ్చెను. చలిలో నేలపై పరుండియు, చుట్టు మూగినవారిని తన్ను లేవనెత్తనీయలేదు. పల్లకి బోయీలను పిలిపించి, దగ్గరలో ఒక తలుపు కొనిపించి, దానికి వారి కఱ్ఱలు మేకులతో కొట్టించి, దానిపై పరుండి ఇల్లు చేరెను. అక్కడ కూడిన వైద్యులు కాలు తీయుటకు సిద్ధపడియుండగా, ఆయన గురువు వచ్చి చూచి నిలుపవచ్చుననెను, కాలు నిలిచినది. తలుపులు మన యిండ్లలోను కలవు. తాటిచెట్టు మీదినుండి పడినవానిని, వీపు నొప్పియనినను, కాళ్లు తిమ్మిరియనినను, ఒకడు చంకలు, ఒకడు కాళ్లు పట్టి ఎత్తకుడు. వాని వెన్నెముక విరిగియుండవచ్చును; నడుమ మడత పడినచో లోపలి వెన్నుపాము తెగి, కాళ్లు జీవితాంతము చచ్చుబడును. తలను మెడను ఒకరు కదలకుండ పట్టుకొని, నలుగురు కలిసి దుంగను దొర్లించినట్లు ఒక్కపెట్టున తలుపుపైకి చేర్చుడు. మోటారు సైకిలుపై నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోవు వాడుక మానుడు. 108 బండిని పిలిచి, అది వచ్చువరకు నేలపైననే యుంచుట మేలు.

ముంజేయి విరిగినచో ఇంత శ్రమ లేదు. ఈ గ్రంథాలయములో పాత వారపత్రికలు కట్టలు కట్టలుగ బీరువాపై నున్నవి. కార్యదర్శిగారి అనుమతితో నాలుగు తెప్పించితిని. వారపత్రికను సగమునకు మడిచి, ముంజేతి క్రింద దొప్పవలె అమర్చి, మోచేయి మొదలు అరచేయి వరకు ఆనునట్లు రెండుచోట్ల తువ్వాలుతో వదులుగ కట్టి, మెడకు వ్రేలాడదీసినచో ఆసుపత్రి చేరువరకు ఎముక కదలదు. విరిగిన చోటిపై ముడి పడరాదు. వ్రేళ్లు బయటనుండవలయును. ముందు వరుసలోని పిల్లలలో ఒకరు ఇటు వచ్చినచో కట్టి చూపెదను. తరువాత మీరు ఒకరికొకరు కట్టి చూచుకొనుడు. బిగువు ఎంతయైనదో నేను వచ్చి వ్రేలు దూర్చి చూచెదను.